నాటిన మొక్కకు కావలి

వానలు మొదలుకాగానే మన బాలబాలికలు పాఠశాలనుండి యింటికి వచ్చునపుడు పుస్తకముల సంచితోపాటు నల్లని పాలిథీన్ సంచిలో నొక మొక్కను గూడ మోసికొని వచ్చుచుందురు. జూన్ నెల 5వ తేది ప్రపంచ పరిసర దినము; జూలై నెలలో వనమహోత్సవము. ఈ వనమహోత్సవమును 1950వ సంవత్సరమున నాటి కేంద్ర ఆహార వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీగారు ప్రారంభించిరి. ఆనాటినుండి నేటివఱకు మంత్రులును, అధికారులును, పంతుళ్ళును, పిల్లలును ప్రతి వానకాలమునను మొక్కలు నాటుచునే యున్నారు. నాటినవన్నియు చెట్లైనచో ఈపాటికి బట్లహళ్ళినుండి చింతామణి వఱకు తలకు ఎండ తగులకుండ నడచిపోవుటకు వీలుండెడిది. అట్లు లేదని మనకందఱకును తెలియును. మఱి ఆ మొక్కలేమైనవి?

నీరు లేక యెండినవి కొన్ని. రాతినేలలో వేరు దిగక చచ్చినవి కొన్ని. కాని మన పల్లెలలో నాటిన మొక్కలలో ఎక్కువభాగము పశువుల నోట బడియే నశించుచున్నదని, అనేక సంవత్సరములుగా బడి ఆవరణలను, చెఱువుకట్టలను, రోడ్డు ప్రక్కలను చూచుచున్న నాకు తోచుచున్నది. మొక్కకు నీరు పోయుమని చెప్పువారు పెక్కుమంది కలరు. కాచుకొమ్మని చెప్పువారు తక్కువ. కావున ఈ వ్యాసమున నీటి మాట విడిచి కావలి మాటయే వ్రాయుచున్నాను. ఇది పిల్లలకంటె తల్లిదండ్రులు చదువవలసినది. ఏలయన, మొక్కను తెచ్చునది పిల్లలే యైనను, కంప కొట్టి తెచ్చుటయు, కంచె కట్టుటయు, మందను మఱలించుటయు పెద్దల పని.

నేను తొలుత ఉపాధ్యాయుడుగా చేరిన పల్లెబడిలో నొకయేడు నలువది మొక్కలు నాటించితిమి. వేప, కానుగ, రావి, నేరేడు. ఒక్కొక్క మొక్క ప్రక్కన నొక పుల్ల పాతి దానికి నాటిన పిల్లవాని పేరు వ్రాసి కట్టితిమి. పిల్లలు మధ్యాహ్నము భోజనమైన పిదప చేతులు కడుగుకొన్న నీటిని సైతము వృథాచేయక తమతమ పాదులలో పోసెడివారు. మార్చి నెలవఱకు అన్నియు బాగుగనే యుండెను. వేసవి సెలవులకు బడి మూసితిమి. గేటు సరిగా మూసినవారు లేరు. జూన్ నెలలో తిరిగి వచ్చి చూడగా పేర్లు వ్రాసిన పుల్లలు మాత్రము నిలిచియున్నవి. మూడవ తరగతి బాలిక యొకతె తన వేపమొక్క మొండెమును చూపి, “అయ్యవారూ, ఇది మళ్ళా చిగురేస్తుందా?” అని యడిగెను. చిగురించునంటిని. తరువాత విచారింపగా, ఆవరణలో మేసిన మందలలో నొకటి ఆ పిల్ల యింటిదేయని తెలిసెను. తండ్రిని పిలిచి యడిగితిని. అతడు సిగ్గుపడెను గాని యొక మాట చెప్పెను: “ఏం చేసేది అయ్యవారూ, ఎండకాలంలో జీవాలు ఎక్కడ పచ్చగా ఉంటే అక్కడికి పోతాయి. ఆ జీవాలతోనే కదా దీనికి బట్టలూ పుస్తకాలూ.” ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఈ వ్యాసమంతయు ఒక విధముగ ఆయనకు వ్రాయుచున్న సమాధానమే.

మన సీమలో వానల తీరును ఒకసారి తలచుకొనుడు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో కొలదిగా కురిసి, పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలలో, అనగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అధికముగా కురియును. అప్పుడు గట్లమీదను, గోమాళములలోను పచ్చిక సమృద్ధిగా నుండును గనుక పశువులు మొక్కలవైపు అంతగా తిరుగవు. సంక్రాంతికి గడ్డి పండిపోవును. శివరాత్రి నాటికి బయలంతయు బూడిదవర్ణముగా మాఱును. మరల తొలకరి పడువఱకు నాలుగు నెలలు జీవములకు గడ్డికఱవు. మనము కుండలతో నీరు మోసి పచ్చగా నుంచిన మొక్క ఆ బయలులో మేకకు దీపమువలె కనబడును. కావున కావలి యన్నది నాటిననాడు మొదలు కావలసినదే గాని, దాని అసలు పరీక్ష శివరాత్రి తరువాతనే. జూలైలో కట్టిన కంచె ఫిబ్రవరిలో నున్నదా లేదా యని చూచువారు నూటికొక్కరైన నుండరు.

ఏ జంతువు మొక్కను పాడుచేసినదో తెలిసికొనక కంచె కట్టుట, రోగమెఱుగక మందిచ్చుట వంటిది. గుర్తులు మొక్కమీదనే యుండును. ఆవు, ఎద్దు, గేదె, గొఱ్ఱె, మేక, జింక, ఇవన్నియు నెమరువేయు జంతువులు. వీనికి పైదవుడ ముందుభాగమున పండ్లుండవు. గట్టి చిగురు మాత్రమే యుండును. క్రింది పండ్లతో పట్టి, మెడ విదల్చి లాగును. అందుచేత అవి కొఱికిన కొమ్మ చివర పీచులు పీచులుగా చిరిగియుండును. కుందేలునకు పైనను క్రిందను ఉలివంటి పండ్లు గలవు. అది కొఱికిన కాడ, కత్తితో ఏటవాలుగా కోసినట్లు నున్నగా నుండును. అదియు భూమికి జానెడు, మూరెడు ఎత్తులోపలనే. ఎవరో పిల్లలు చాకుతో కోసిరని మనము నిందించునట్టివానిలో కొన్ని కుందేలు చేసినవే. మొక్క మొదట బెరడు వెడల్పుగా గీచినట్లు పోయి, లోపలి కొయ్యపై పంటిగాట్లు జతలుజతలుగా కనబడినచో అది ఏదుపంది పని. అది రాత్రివేళ గుట్టలనుండి దిగివచ్చును. అంబాజీదుర్గము వంటి కొండలయొద్ద తోటలు గలవారికి దీని చేష్టలు క్రొత్తగావు. మొక్క వేళ్ళతోసహా పెల్లగింపబడి, ప్రక్కనేల దున్నినట్లుండినచో అడవిపంది. కొమ్మ విఱిగి వ్రేలాడుచు, ఆకులు తినబడక క్రింద రాలియుండినచో కోతి. పచ్చగానున్న మొక్క ఒక్కదినములో వ్రాలిపోయి, పట్టిలాగగనే చేతికి వచ్చినచో క్రింద పందికొక్కు బొరియ యున్నదేమో చూడవలెను. బెరడు ఒకప్రక్క ఒరసికొనిపోయి దానికి వెండ్రుకలంటియుండినచో, ఏ యెద్దో దురద తీర్చుకొన్నదని అర్థము. పశువు తినకయే మొక్కను చంపుటకు ఇది చాలును.

ఆకులు తినుటకును బెరడు తినుటకును చాల భేదము కలదు. ఆకులు పోయిన మొక్క వేరులోని నిలువను వాడుకొని మరల చిగురించును. వేప, కానుగ, నేరేడు, రావి మొదలగునవి మొదలంట తినివేయబడినను చిగురించు శక్తి గలవి. అట్లు తినబడిన మొక్కను పెఱికి పాఱవేయరాదు. చిరిగిన భాగమునకు కొంచెము క్రిందుగా పదునైన కత్తితో నున్నగా కోసి, పేడ మెత్తి, కంచె కట్టవలెను. నాలుగైదు చిగుళ్ళు వచ్చును; జానెడు పెరిగిన పిదప బలమైన దానినొక్కదానినుంచి తక్కినవానిని గిల్లివేయవలెను. నే నెఱిగిన ఆ బాలిక వేపయును అట్లే చిగురించెను. ఐతే దానిని రెండవమారు మేకలు తినెను. ఇట్లు రెండుమూడుసారులు తినబడిన మొక్కలో నిలువ అడుగంటి, అది చావకపోయినను గిడసబాఱి, పదియేండ్లైనను మోకాలెత్తు పొదగానే యుండిపోవును. మన గుట్టలమీద నట్టి మఱ్ఱులు, వేపలు ఎన్నియో కలవు. వాని వయస్సు తెలిసినచో ఆశ్చర్యపడుదుము.

బెరడు సంగతి వేఱు. ఆకులలో తయారైన ఆహారము క్రిందనున్న వేళ్ళకు దిగునది బెరడు లోపలి పొరద్వారానే. మేకగాని ఏదుపందిగాని కాండము చుట్టును కంకణమువలె బెరడు నొలిచినచో, పైన ఆకులు కొన్నినాళ్ళు పచ్చగనే యుండును. క్రింద వేళ్ళు ఆకలితో చచ్చుచుండును. రెండు మూడు నెలలకు చెట్టు ఒక్కసారిగా ఎండగా, ‘ఏదో తెగులు తగిలిన’దందురు. చుట్టు సంపూర్ణముగా పోక, కొంతభాగమైనను బెరడు మిగిలియున్నచో ఆశ కలదు. ఆ గాయముపై పుట్టమన్నును పేడను కలిపి మెత్తి గోనెపట్ట చుట్టినయెడల అంచులనుండి క్రొత్తబెరడు ప్రాకుచు కప్పును.

చిన్నమొక్కలు నశించుటవలన ఎంతటి అనర్థము కలుగునో తెలిపెడు చరిత్ర యొకటి కలదు. అట్లాంటిక్ మహాసముద్రము నడుమ సెంట్ హెలీనా యను చిన్నదీవి యున్నది. నెపోలియన్ చక్రవర్తిని ఖైదుంచిన దీవి యదియే. 16వ శతాబ్దారంభమున పోర్చుగీసు నావికులు ఆ దీవిలో మేకలను విడిచిరి. అప్పుడది అడవులతో నిండియుండెను. మేకలు పెరిగి మందలు మందలయ్యెను. మనుష్యులు చెట్లు కొట్టినమాట నిజమే గాని, కొట్టని చోటులలోగూడ అడవి పోయెను. ఎట్లనగా, పెద్దచెట్లను మేకలేమియు చేయజాలవు. అవి తమ ఆయువు తీరువఱకు నిలిచియే యుండెను. కాని వాని క్రింద మొలచిన ప్రతి మొలకను మేకలు తినివేసినవి. రెండువందల యేండ్లు గడచుసరికి ముదుసలి చెట్లన్నియు ఇంచుమించు ఒకే కాలమున పడిపోగా, వాని స్థానమున నిలుచుటకు ఒక్క పిల్లచెట్టైనను లేకపోయెను. మన ఊళ్ళ గుండుతోపులను ఈ దృష్టితో ఒకసారి చూడుడు. ముత్తాతలు నాటిన చింతలును మామిళ్ళును నిలిచియున్నవి. వాని క్రింద నడుమెత్తు చెట్టు ఎన్ని యున్నవి?

ఇంత చెప్పినంతమాత్రమున మేకను శత్రువుగా నెంచవలదు. మన పాఠశాలకు పిల్లలను పంపుచున్న కుటుంబములలో జీవములను నమ్ముకొన్నవి తక్కువ కావు. వాన తప్పినయేట రాగియు వేరుశెనగయు పోయినను, ఇంటిని నిలువబెట్టునది ఆ నాలుగు మేకలే. దవాఖానా ఖర్చు వచ్చినను, బడిఫీజు కట్టవలసినను బేంకివలె ఆదుకొనును. మేకను శిక్షించి మొక్కను కాపాడుట యెంత హాస్యాస్పదమో తెలంగాణలో 2019 సెప్టెంబరునందు జరిగిన సంగతి తెలుపుచున్నది. అచ్చటి ప్రభుత్వము 2015వ సంవత్సరమునుండి హరితహారమను పేర కోట్లకొలది మొక్కలు నాటించెను. కరీంనగరము జిల్లా హుజూరాబాదులో ఆ మొక్కలను తినినవని రెండు మేకలను పోలీసు ఠాణాకు తీసికొనిపోయిరి. యజమాని వేయి రూపాయల జుల్మానా చెల్లించి వానిని విడిపించుకొనెను. దేశమంతయు ఆ వార్త చదివి నవ్వెను. కాని తినబడిన మొక్కలు తిరిగి రాలేదు. పూర్వము పంట మేసిన పశువులను బందెలదొడ్డిలో కట్టుట కలదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము అందులకై చట్టమే చేసెను. ఆ దొడ్డి వలన పంట కొంత నిలిచినదేమో గాని, ఊరిలో పగలును మాత్రము పెంచినది. తెలంగాణవారి 2018వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టములో నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనను నిబంధన చేర్చి, ఆ బాధ్యతను గ్రామపంచాయతీపై నుంచిరి. ఎన్ని నాటితిమనుగాక ఎన్ని బ్రతికినవని లెక్కించుట, నా అభిప్రాయమున, మేలైన మార్గము. మన బడిలోగూడ జూలైలో తీసిన ఫోటోకంటె మరుసటి జూన్ నెలలో తీసిన ఫోటోకు బహుమతి యిచ్చుట యుక్తము.

ఇక కంచె మాట. కోట్లు ఖర్చుపెట్టిన పథకములకంటె ఈ విషయమున మనకు గురువు కావలసినది మన రాష్ట్రపు సాలుమరద తిమ్మక్క. మాగడి తాలూకా హులికల్లు గ్రామమున కూలిచేసి బ్రతికిన ఆమెయు, ఆమె భర్త చిక్కయ్యగారును సంతానము లేని లోటును తీర్చుకొనుటకై హులికల్లునుండి కుదూరునకు పోవు దారి ప్రక్కన మఱ్ఱిమొక్కలు నాటిరి. మొదటియేడు పది, రెండవయేడు పదునైదు, మూడవయేడు ఇరువది. ఇట్లు పెరిగి 385 మఱ్ఱిచెట్లయ్యెను. వారు బిందెలతో నాలుగు కిలోమీటర్లు నీరు మోసిరని అందఱును చెప్పుదురు. కాని ప్రతి మొక్కకును ముళ్ళకంప కట్టి పశువుల నోటినుండి తప్పించిరను సంగతిని చెప్పువారు తక్కువ. నా లెక్కలో రెండవదియే గొప్పది. వారు మొదటనే వేయి మొక్కలు నాటలేదనుట గమనింపదగినది, కాచుకొనగలిగినన్నియే నాటిరి. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చెను. ఆ సంవత్సరముననే బాగేపల్లి–హలగూరు రోడ్డు వెడల్పు చేయుటకై ఆ మఱ్ఱులను కొట్టివేయు ప్రసక్తి రాగా, ఆ వృద్ధురాలు స్వయముగా ముఖ్యమంత్రికి విన్నవించుకొనెను. ప్రభుత్వము వేఱు మార్గమును వెదకుటకు అంగీకరించెను. మేకలనుండి తప్పించిన చేతులే యంత్రములనుండియు తప్పింపవలసివచ్చెను. ఆమె 2025 నవంబరులో కన్నుమూసెను.

కంప కట్టుటలో మెలకువలు కలవు. మన యొద్ద దొరకునది తుమ్మకంప, రేగుకంప, కలివికంప, అన్నిటికంటె విస్తారముగా సర్కారుతుమ్మ, అనగా కన్నడమున బళ్ళారిజాలి. చాలమంది కంపను తెచ్చి మొక్కపై బోర్లించి పోవుదురు. అది కావలి కాదు, మొక్కకు చెఱ. గాలికి కంప యూగి లేతకాండమును గీచివేయును. వెలుతురు లేక మొక్క వంకర పోవును. మొక్కకు చుట్టును మూరెడు దూరమున వలయము గీచి, దానిపై నాలుగు గట్టి గుంజలు పాతవలెను. కంపల మొదళ్ళను భూమిలోనికి జానెడు దిగగొట్టి, కొనలు వెలుపలికి వ్రాలునట్లు నిలిపి, రెండుచోట్ల నారతోనో తీగతోనో గుంజలకు బిగింపవలెను. ఎత్తు రొమ్మువఱకైన నుండవలయును. మేక వెనుకకాళ్ళపై నిలిచి మనుష్యుని తలయెత్తునకు అందుకొనగలదు. కాని ముందుకాళ్ళు ఆనించుటకు ఆధారము లేక ముళ్ళే తగిలినచో అట్లు నిలువలేదు. కంచె ఎత్తుకంటె కంచె గట్టితనము ముఖ్యమనుట ఇందుచేతనే. కుందేళ్ళు గలచోట క్రింద మూరెడు భాగము సందులేకుండ రేగుకంపతో నింపవలెను.

కంపకు ఇద్దఱు శత్రువులున్నారు. ఒకటి చెదలు. ఆఱుమాసములలో మొదళ్ళు తిని కంపను పడవేయును. కావున సంక్రాంతి పండుగ ముగిసినవెంటనే పాతకంపను చక్కచేసి క్రొత్తకంప చేర్చవలెను. ఏడాదికొక్కసారి చాలును; కాని ఆ ఒక్కసారి తప్పరాదు. రెండవ శత్రువును నేను చెప్పనక్కఱలేదు. ఎండిన కంప మంచి వంటచెఱకు. ప్రొద్దున్నే నీళ్ళు కాచుటకు ఎవరింటిలోనో మండిన కంప ఏ మొక్కకు కట్టినదో అడిగిన తెలియును.

ధనము వెచ్చింపగలవారు ఇనుపకంచెలు పెట్టింతురు. అవి గట్టివే. రోడ్డుప్రక్క నాటువారికి అవి తప్పనిసరి కావచ్చును. ఐతే మొక్క చెట్టైన పిదప వానిని తీయువారు లేరు. ఇనుపచట్రము కాండములోనికి దిగబడి, బెరడు దానిని మ్రింగి, గాలివాన వచ్చినపుడు సరిగా అక్కడనే చెట్టు విఱుగుట నేను చూచితిని. మేకనుండి కాపాడినదే ఉరిత్రాడైనది. వెదురు బుట్టలు అల్లించి పెట్టుట చవుక, రెండేండ్లు నిలుచును, తీయుట మఱచినను కుళ్ళిపోవును గనుక అపాయము లేదు. మన ప్రాంతమున రాతికి కొదవలేదు. తోటలకు పాతు రాతి కూసములలో విఱిగినవి మూడు తెచ్చి ముక్కోణముగా పాతి తీగ చుట్టినచో, ఎద్దు ఒరసికొన్నను చలింపదు. మొదలు చుట్టును మోకాలెత్తు గుండ్రాళ్ళు పేర్చుటవలన ఏదుపంది బాధయు తగ్గును, నేల చెమ్మయు ఆఱదు. ఇంగ్లండులో గ్రహాం ట్యూలీ యను అటవీశాస్త్రజ్ఞుడు 1979లో ప్లాస్టిక్ గొట్టమును మొక్కకు తొడుగు విధానమును కనిపెట్టగా, అది జింకలనుండియు కుందేళ్ళనుండియు కాపాడుటకు ఆ దేశమున విరివిగా వాడుకలోనికి వచ్చినది. అచ్చటి చలికి ఆ గొట్టములోని వెచ్చదనము మొక్కకు మేలుచేయును. మన ఏప్రిల్ ఎండలో దాని నట్లే వాడవలెనని నేను చెప్పజాలను.

ఏ మొక్క నాటవలెనన్నది కావలిలో సగము. ఇచ్చట మనవారి కొక సూచన. నర్సరీలో జాబితా కన్నడమున నుండును. మన యింటిలో పేరు తెలుగున నుండును. పిల్లవానికి రెండును తెలిసినచో పొరపాటుండదు. కానుగను వారు హొంగె యందురు, వేప బేవు, చింత హుణసె, నేరేడు నేరళె, మఱ్ఱి ఆల, రావి అరళి, ఇప్ప హిప్పె, పనస హలసు. కంచె లేని బయలు స్థలమునకు కానుగ తగినది. మేక దాని నంతగా కోరదు. ఐనను గతిలేని ఎండకాలమున దానినిగూడ కొఱుకును. సీతాఫలమును, తంగేడును, వావిలిని మేకలు ముట్టవనుట కాపరులందఱకును తెలిసినదే. వేప చేదైనను మేక విడువదు. రావి, మఱ్ఱి, పనస దానికి విందు. చింత లేతాకు కూడ ఇష్టమే. అట్టివానిని గట్టికంచె యున్నచోటనే నాటవలయును. వావిలి, కిత్తనార, కలివి, గచ్చ మొదలగువానిని ముందుగా చుట్టును వేసి రెండేండ్లకు లోపల మామిడియో పనసయో నాటుట మన పూర్వుల పద్ధతి. త్వరపడువారికి నచ్చదు గాని ఆ కంచె మఱల కట్టవలసిన పనిలేదు.

మఱ్ఱి, రావి, జువ్వి జాతులకు మఱియొక సౌకర్యము కలదు. ముంజేతి లావున, ఇద్దఱు మనుష్యుల ఎత్తునకు కొంచెము తక్కువగా నున్న కొమ్మను వానకాలారంభమున నఱికి, రెండు మూరలు లోతుగా పాతినచో అది వేరూనును. చిగుళ్ళు మేకకందని ఎత్తుననే పుట్టును. కాండమునకు మాత్రము పశువులు ఒరసికొనకుండ కంప చుట్టిన చాలును. పూర్వము బాటల వెంబడి సాలుమఱ్ఱులను పెంచుటలో ఈ పద్ధతి యుండెడిది. చిన్నమొక్కను నాలుగేండ్లు కాచుకొనలేనివారు దీని నవలంబింపవచ్చును.

పొదల నీడన విత్తుట మఱొక యుపాయము. దీనికి ఖర్చే లేదు. గుట్టమీద జెముడుపొదలోగాని రేగుపొదలోగాని నడుమ తనంతట మొలచిన వేపను మీరు చూచియుందురు. పక్షి వేసిన గింజ అది. చుట్టునున్న ముండ్లపొదయే దానికి కంచె, గొడుగు, దాది. మనము గూడ వేప, చింత, సీతాఫలము గింజలను తొలకరిలో అట్టి పొదల మొదట గుచ్చివచ్చుటకు ఒక సాయంకాలము చాలును. పది గింజలలో రెండు పైకి వచ్చినను లాభమే. అందుచేత బయలు శుభ్రముచేయుదమని పొదలన్నియు కొట్టివేయుట మంచిదికాదు.

పేడనీళ్ళు చల్లుట మన కాపరులే చెప్పిన ఉపాయము. పచ్చిపేడను నీళ్ళలో చిక్కగా కలిపి ఆకులపై చల్లినచో పశువులు వాసన చూచి తొలగిపోవును. మేకపెంట కలిపిన నీరు మేకలకు మఱింత పనిచేయునందురు. వాన పడిన కొట్టుకొనిపోవును. క్రొత్త చిగురు వచ్చిన దానికి వాసన యుండదు. కావున వారమునకో పదిదినములకో మరల చల్లవలెను. కంచె కట్టువఱకు నాలుగు దినములు నిలుపుటకు ఇది మేలు. కంచెకు బదులు కాదు.

అన్నిటికంటె గట్టికంచె ఊరివారి మాట. హర్యానా రాష్ట్రమున సుఖోమాజ్రి యను చిన్నగ్రామము కలదు. 1970వ దశకమున పి. ఆర్. మిశ్రాగారను నేలసంరక్షణ శాస్త్రజ్ఞుడు అచ్చట చిన్న ఆనకట్ట కట్టించి, ఆ నీరు ఇంటింటికి పంచి, అందులకు ప్రతిగా కొండమీద జీవములను విడువరాదని ఊరివారిచేతనే కట్టుబాటు చేయించెను. ఇనుపతీగ ఒక్క గజమైనను వేయలేదు. కొండ పచ్చబడెను, గడ్డి కోసి తెచ్చి పశువులను ఇంటియొద్దనే మేపిరి, పాలు పెరిగెను. అంతదూర మేల? మనకు సరిహద్దు అవతల, అనంతపురము సీమలో చెన్నేకొత్తపల్లి చెంత, టింబక్టు కలెక్టివ్ వారు 1990లో 32 ఎకరముల బీడు తీసికొని చేసిన మొదటిపని మొక్కలు నాటుట కాదు. మేతను, నిప్పును ఆపుట. నేలలో దాగిన వేళ్ళును విత్తులును వానంతట లేచినవి. మనకంటె వాన తక్కువైన నేల అది.

మన యూళ్ళలో నిది సాధ్యమా యందురేమో. గోమాళమంతయు మూయవలదు. మూసినచో పేదవాని మంద యెక్కడికి పోవును? నాలుగు భాగములలో నొకదానిని మూడు నాలుగేండ్లు విడిచిపెట్టి, తక్కిన మూడింట మేపుకొని, మొదటిది తలయెత్తిన పిదప మఱియొకదానిని విడుచుట చేయవచ్చును. విడిచిన భాగములోని గడ్డిని కొడవలితో కోసికొనుటకు మొదటి హక్కు కాపరులదే కావలెను. ఇంటిగట్టున అవిసె, సుబాబుల్ నాలుగేసి మొక్కలు పెంచినచో శివరాత్రి తరువాత రొట్ట దొరకును. అప్పుడు బడి వేపమీదికి మేక పోవలసిన యవసరముండదు. ఆ బాలిక తండ్రితో నే నాడు చెప్పలేకపోయిన మాట యిదియే. ఆ మాటకు బదులుగా ఆయనయే మూడవమారు ఆ వేపకు కంప కట్టెను, ఎవరును పిలువలేదు. కూతురు ఏడ్చినదని తరువాత తెలిసెను.

ఈ యేడు మీ బిడ్డ మొక్కను తెచ్చినపుడు, నాటుటకుముందు కంప సిద్ధముగా నున్నదో లేదో చూచుకొనుడు. లేనియెడల మొక్కను సంచిలోనే యుంచి నీరు పోయుచు, కంప వచ్చిన తరువాత నాటుడు. పదిదినములు ఆలస్యమైనను ముప్పు లేదు. సంక్రాంతికి కంప మార్చుడు. శివరాత్రినుండి తొలకరివఱకు పిల్లవాడు వారమున కొకసారి చుట్టును తిరిగి సందులేమైన పడినవా యని చూడవలెను, సెలవులలో గూడ. మొక్క కొన మనిషి చేయెత్తిన ఎత్తు దాటి, కాండము ముంజేతి లావై, బెరడు గరుకుబాఱువఱకు, అనగా ఇంచుమించు మూడు నాలుగేండ్లు, ఇది తప్పదు. అప్పుడు కంపను తీసివేయుడు. తీగలు, నారలు కట్టినవి కాండమును కోయకముందే తెంపుడు. గుంజలు మాత్రము పాఱవేయవలదు. అవి చెదలు తినకుండినచో రెండవబిడ్డ తెచ్చు మొక్కకు పనికివచ్చును.